బోగీలో తుపాకి ఎవరి కోసం?



మొన్న మన యూత్ మీటింగులో ఒక తీర్మానం రాసుకొచ్చారు. అరకు వైపు వచ్చే రైల్లో ఒక చెల్లెలి ఫోన్ లాక్కుపోయారు. బస్సులో తాగినవాడు గొడవ చేస్తే ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి ఏజెన్సీ రూట్లలో తిరిగే రైళ్లలో, బస్సుల్లో తుపాకి ఉన్న గార్డుని పెట్టాలి, ఇదీ డిమాండ్. చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు. నేను ఎత్తలేదు. "నువ్వెందుకు ఎత్తలేదన్నా?" అని అడిగిన తమ్ముళ్లకి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయా, ఆఖరి బస్సు టైమైపోయింది. ఇప్పుడు చెప్తున్నా. తిట్టాలనిపిస్తే చదివాక తిట్టండి.

ముందే ఒక మాట. గార్డు వద్దని నేను అనట్లేదు. గార్డు కావాలి, ఇప్పుడున్నదానికంటే ఎక్కువమంది కావాలి. గార్డు చేతిలో తుపాకి వద్దు అంటున్నా. ఈ రెండూ ఒకటే అన్నట్టు మనకి అలవాటైపోయింది, అందుకే చేతులు అంత తొందరగా లేచాయి.

2023 జూలై 31 గుర్తుందా? జైపూర్ నుంచి ముంబై వెళ్లే సూపర్‌ఫాస్ట్ ఎక్స్‌ప్రెస్. తెల్లవారుజామున ఐదు దాటింది. బండి మహారాష్ట్రలో పాల్‌ఘర్ దాటి ముంబై వైపు పోతోంది. (పాల్‌ఘర్ మనకి పరాయి ఊరేం కాదు, వార్లీల నేల.) ఆ బండికి ఎస్కార్ట్‌గా వచ్చిన ఆర్పీఎఫ్ టీమ్‌లో ఒక కానిస్టేబుల్ ఆటోమేటిక్ రైఫిల్‌తో మొదట తన టీమ్ ఇన్‌చార్జి ఏఎస్సైని కాల్చాడు. బీ5 బోగీలో. అదే బోగీలో ఒక ప్రయాణికుణ్ణి కాల్చాడు. తర్వాత బోగీలు దాటుకుంటూ నడిచి పాంట్రీ కార్‌లో ఇంకొకర్ని, ఎస్6లో మరొకర్ని. ముగ్గురు ప్రయాణికులూ ముస్లింలు. వాళ్లలో ఒకాయన హైదరాబాద్‌లో ఉండేవాడు. పోలీసుల కేసు ఇదీ. కింద పడున్న మనిషి పక్కన రైఫిల్‌తో నిలబడి అతను ఉపన్యాసం ఇస్తున్న వీడియో దేశమంతా తిరిగింది, మీలో చాలామంది చూసే ఉంటారు. అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు, ఛార్జిషీటు వేశారు, కేసు ముంబై కోర్టుకెక్కింది.

ఇప్పుడు ఆ ఏఎస్సై గురించి. ఆయన పేరు చివర మీణా అని ఉంటుంది. రాజస్థాన్‌లో మీణాలు షెడ్యూల్డ్ తెగ. ఆ వారమంతా టీవీల్లో కాల్చినవాడి మతిస్థిమితం గురించి మాట్లాడారు, చనిపోయినవాళ్ల మతం గురించి మాట్లాడారు. చనిపోయినవాళ్లలో ఒక ఆదివాసీ ఉద్యోగి ఉన్నాడన్న మాట నా చెవిన అయితే పడలేదు. మనం కూడా మాట్లాడలేదు. యూనిఫాం వేసుకున్నాక ఆయన్ని మనవాడు అనుకోవడం మానేశామేమో.

ఆ రాత్రి ఏం జరిగిందో టీమ్‌లోనే ఉన్న ఇంకో కానిస్టేబుల్ వాంగ్మూలం ఇచ్చాడు. పేపర్లలో వచ్చింది, వెతికి చదవండి. అతను చెప్పినదాని ప్రకారం, ఆ కానిస్టేబుల్ తనకి ఒంట్లో బాగోలేదని, వల్సాడ్‌లో దిగిపోతానని అడిగాడు. ఏఎస్సై పైవాళ్లకి ఫోన్ చేశాడు. ఇంకో రెండు గంటలేగా డ్యూటీ, ముంబై వచ్చాక రెస్ట్ తీసుకోమను అని జవాబు. సరే, పడుకో అని తోటి కానిస్టేబుల్ అతని రైఫిల్ తన దగ్గర పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి రైఫిల్ ఇచ్చెయ్ అన్నాడు. ఇవ్వనంటే గొంతు పట్టుకుని లాక్కున్నాడు. హడావుడిలో లాక్కున్నది తనది కాదు, ఆ కానిస్టేబుల్ రైఫిలే. తారుమారైందని తెలిశాక ఎవరిది వాళ్లకి ఇప్పించారు. అంటే నాకు బాగోలేదు అన్న మనిషికి, గొంతు పట్టుకున్న మనిషికి, తిరిగి తుపాకి ఇచ్చారు. అది అతని డ్యూటీ ఆయుధం, అతని పేరు మీద రాసుంది, ఇవ్వక ఏం చేస్తారు?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ రాత్రి ఆ టీమ్ దగ్గర లాఠీలు మాత్రమే ఉన్నాయి అనుకోండి. అప్పుడు కూడా అతను తిక్కరేగి లేచేవాడు. తోటివాడి గొంతు పట్టుకునేవాడు. ఏఎస్సై తల పగిలేదేమో. బోగీలో నలుగురు లేచి పట్టుకునేవాళ్లు. పొద్దున్న పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. నాలుగు ఇళ్లల్లో నలుగురు మనుషులు ఈరోజు బతికుండేవాళ్లు.

"అది తుపాకి తప్పు కాదు, వాడి తలలో ఉన్న విషం తప్పు" అని మా ఫ్రెండొకడు వాదించాడు. విషం ఉంది, నేనూ ఒప్పుకుంటా. ఏఎస్సై తర్వాత ఎవరిని ఎంచుకున్నాడో చూస్తే తెలియట్లేదా? కానీ ఆ విషం ఉన్నవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు చెప్పండి, ఫోన్ తెరిస్తే చాలు. వాళ్లంతా బండిలో నాలుగు ప్రాణాలు తీయలేరు. ఇతను తీయగలిగాడు, ఎందుకంటే డ్యూటీకి ఎక్కేటప్పుడు సర్కారే రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని ఆటోమేటిక్ రైఫిల్, తూటాలు చేతికిచ్చింది. ఎస్6లో కూర్చున్న ప్రయాణికుడికి పారిపోయే దారి ఏది? బండి నడుస్తోంది. ఎదురొస్తున్నవాడు పోలీసు. పోలీసు వస్తుంటే పారిపోకూడదని కదా మనకి చిన్నప్పట్నుంచి నేర్పింది.

మనం చేసే పొరపాటు ఏంటంటే, తుపాకి అనగానే దొంగని ఊహించుకుంటాం, బోగీని ఊహించుకోం. ఒకసారి బోగీ చూడండి. పాత స్లీపర్‌లో 72 బెర్తులు. జనరల్ బోగీ అయితే సీట్ల లెక్కే లేదు, బాత్‌రూమ్ దగ్గర కూడా పది మంది కూర్చుంటారు. బోగీ మొత్తం పొడవు 24 మీటర్లు కూడా ఉండదు. ఆటోమేటిక్ రైఫిల్ తయారు చేసింది 300 మీటర్ల అవతల ఉన్న శత్రువు కోసం. యుద్ధానికి చేసిన వస్తువు. దాన్ని పసిపిల్లలు, ముసలమ్మలు, కోడిపిల్లల గంపలు ఉన్న 24 మీటర్ల డబ్బాలో పెట్టి సెక్యూరిటీ అంటున్నాం. దొంగ మీదికే కాల్చాడనుకోండి, తూటా దొంగ దగ్గర ఆగుతుందా? ఆ వెనక బెర్త్ మీద ఎవరున్నారు? మంచి గార్డు, శిక్షణ ఉన్న గార్డు, ఆరోగ్యంగా ఉన్న గార్డు అయినా సరే అక్కడ కాల్చలేడు, కాల్చకూడదు. మరి కాల్చకూడని చోటికి తుపాకి ఎందుకు మోయాలి?

మోయిస్తున్నారు కాబట్టి మోస్తున్నారు. ఆర్పీఎఫ్ చట్టం 1957లో వచ్చింది, రైల్వే ఆస్తిని కాపాడటానికి. గూడ్సు వ్యాగన్లు, పట్టాలు, ఇనుము. 1985 సవరణతో అది కేంద్ర సాయుధ బలగం అయింది. ప్రయాణికుల్ని కాపాడే పని చట్టంలోకి ఎక్కింది 2003 సవరణతో. వరుస చూడండి. ముందు ఇనుము వచ్చింది, తర్వాత ఆయుధం వచ్చింది, ఇంకో 18 ఏళ్లకి మనిషి వచ్చాడు. మన కొత్తవలస–కిరండూల్ లైనుకీ ఇదే కథ. బైలదిల్లా ఇనుపరాయి వైజాగ్ పోర్టుకి పోవడం కోసం వేసిన లైను అది. అడవి కొట్టి, కొండలు తొలిచి వేసింది గూడ్సు కోసం. మనల్ని ఎక్కించుకోవడం తర్వాత సంగతి. ఇనుముకి కాపలాగా పుట్టిన పద్ధతిని అలాగే తెచ్చి మన మధ్య నిలబెట్టారు.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. 26/11 సంగతేంటి?

న్యాయమైన ప్రశ్నే. 2008 నవంబర్ 26 రాత్రి ముంబై సీఎస్టీ స్టేషన్‌లో ఇద్దరు ఉగ్రవాదులు ఏకే-47లతో 50 మందికి పైగా జనాన్ని చంపారు. అక్కడ రైల్వే సిబ్బంది దగ్గరున్నవి పాతకాలం .303 రైఫిళ్లు, లాఠీలు. ఆ పాత రైఫిల్‌తోనే ఒక ఆర్పీఎఫ్ జవాను వాళ్ల మీద కాల్పులు జరిపాడు, తర్వాత మెడల్ కూడా ఇచ్చారు. ఆయన ధైర్యానికి నేను దండం పెడతా. అలాంటి రాత్రికి ఆయుధం ఉండాలి, నేను కాదనను. కానీ అది స్టేషన్. పెద్ద హాలు, గేట్లు, స్తంభాలు, చుట్టూ తిరిగి రావడానికి దారులు. స్టేషన్‌లో శిక్షణ ఉన్న సాయుధ దళం ఒక గదిలో సిద్ధంగా ఉండటం వేరు, మామూలు రాత్రి మామూలు బండిలో అలసిపోయిన కానిస్టేబుల్ రైఫిల్ ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడుతూ కూర్చోవడం వేరు. మొదటిది చూపించి రెండోది అమ్ముతున్నారు మనకి.

ఇక బాంబుల మాట. 2006 జూలై 11న ముంబై లోకల్ రైళ్లలో ఏడు పేలుళ్లు జరిగాయి, 180 మందికి పైగా చనిపోయారు. బాంబు పెట్టినవాడు అప్పటికే దిగిపోయి ఉంటాడు. బోగీలో తుపాకి ఎవరి మీద పేలుస్తారు? సామాను చెక్ చేసే మనుషులు కావాలి అక్కడ, చూసే కళ్లు కావాలి.

దొంగల సంగతి ఒప్పుకుంటా. పల్నాడులో తుమ్మలచెరువు దగ్గర 2025లో రైలు దోపిడీకి వచ్చినవాళ్లని రైల్వే పోలీసులు కాల్పులు జరిపి తరిమారని మీరూ చదివే ఉంటారు. అది పని చేసింది. దొంగలకి దాడి చేసే చోటు తెలుసు, పోలీసులకి కూడా ఆ చోటు తెలుసు. అలాంటి చోట్ల కాపు కాయండి, మనం వద్దనట్లేదు. కానీ దానికి ఇంకో వైపు కూడా ఉంది. 2013 జూన్ 13న బీహార్‌లోని జమూయి జిల్లాలో ధన్‌బాద్–పాట్నా ఇంటర్‌సిటీ మీద పట్టపగలు మావోయిస్టులు దాడి చేశారు. ముగ్గురు చనిపోయారు, అందులో ఒకరు ఎస్కార్ట్‌లో ఉన్న ఆర్పీఎఫ్ జవాను. వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లారు? తుపాకులు. అడవి దారిలో పోయే బండిలో తుపాకులున్నాయంటే, తుపాకులు కావాల్సినవాడికి అదే బండి కనిపిస్తుంది.

ఇక మన బస్సుల దగ్గరికొద్దాం. ఏజెన్సీ బస్సులో గన్‌మేన్ కావాలన్నవాళ్లు చింగావరం పేరు విన్నారా? దంతెవాడ నుంచి సుక్మా వెళ్లే దారిలో ఉంటుంది. మన చింతూరు దాటి కుంట, అక్కణ్ణుంచి సుక్మా, ఆ పైన. 2010 మే 17న అక్కడ ఒక ప్రైవేటు బస్సుని మావోయిస్టులు మందుపాతరతో పేల్చేశారు. 30 మందికి పైగా చనిపోయారు. బస్సులో ఎస్పీవోలు ఎక్కారు. వాళ్లతోపాటు సంతకో, ఊరికో పోతున్న మామూలు జనం ఉన్నారు. పేల్చినవాళ్లకి నా దగ్గర ఏ సమర్థింపూ లేదు. బస్సులో పిల్లలు, ఆడవాళ్లు ఉంటారని తెలిసీ చేశారు. కానీ ఆ జనాన్ని ఆయుధాలవాళ్ల పక్కన కూర్చోబెట్టిన పద్ధతిని కూడా నేను వదలను. మామూలు బస్సుకీ, పోలీసు బండికీ మధ్య ఉండే గీత మన ప్రాంతంలో ప్రాణం కాపాడే గీత. ఈ ప్రాంతంలో పోలీసులు యూనిఫాంతో, ఆయుధంతో ఆర్టీసీ బస్సు ఎక్కుతుంటే మన పెద్దవాళ్లు ఎందుకు దిగిపోయేవాళ్లో ఇంట్లో అడగండి. ఇప్పుడు ఆ గీతని మనమే చెరిపెయ్యమని తీర్మానం రాస్తున్నాం.

ఆ ఎస్పీవోలు ఎవరు? మన కోయ పిల్లలే. నెలకి 3000 రూపాయల గౌరవ వేతనం. ఐదో తరగతి చదివితే చాలు. కొద్ది వారాల శిక్షణ, చేతికి తుపాకి. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు, జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఉన్న బెంచ్, ఇది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. చదువు లేని, శిక్షణ లేని గిరిజన యువకుల చేతికి ఆయుధాలిచ్చి ముందుకి తోయడం వాళ్ల జీవించే హక్కునే కాలరాయడం అని తేల్చింది. తుపాకులు వెనక్కి తీసుకోమంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఏం చేసింది? అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి, పేరు మార్చి, వాళ్లనే మళ్లీ పెట్టుకుంది. ఆ తీర్పులో నాకు గుర్తుండిపోయింది ఏంటంటే, తుపాకి పట్టుకున్న పిల్లాణ్ణి కూడా కోర్టు బాధితుడిగానే చూసింది. మన తీర్మానంలో ఆ చూపు లేదు. తుపాకి పట్టుకునేవాడు ఎవడో పరాయివాడైనట్టు రాశాం.

ఇప్పుడు ఒక సొంత విషయం. ఏ ఫోర్సో, ఏ స్టేషనో రాయను, అది ముఖ్యం కాదు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఊరి నుంచి వైజాగ్ పోతున్నా. భుజానికి బ్యాగు, చేతిలో గోనె సంచి. సంచిలో పసుపు, కొంచెం రాజ్మా, మా అమ్మ కట్టిచ్చింది, హాస్టల్ వార్డెన్‌కి. జనరల్ బోగీ కిటకిటలాడుతోంది. ఇద్దరు ఎక్కారు చెకింగ్‌కి. బోగీలో సూట్‌కేసులున్నాయి, ట్రావెల్ బ్యాగులున్నాయి, టూరిస్టుల పెద్ద పెద్ద బ్యాక్‌ప్యాకులున్నాయి. వాళ్లలో ఒకడు రైఫిల్ గొట్టంతో నా సంచిని పొడిచి, "విప్పు" అన్నాడు. నోటితో అన్నది ఆ ఒక్క మాటే. గంజాయి అనుకున్నాడని అందరికీ అర్థమైంది, నాక్కూడా. విప్పా. పసుపు. చెయ్యి పెట్టి కెలికాడు, వేళ్లు పచ్చగా అయ్యాయి, నా చొక్కాకే తుడుచుకున్నాడు.

నేను ఏమన్నా? ఏమీ అనలేదు. మీటింగుల్లో మైకు పట్టుకుని అంత మాట్లాడే నేను ఒక్క మాట అనలేదు. అతని చేతిలో లాఠీ ఉంటే అడిగేవాణ్ణి, ఎందుకు నాది ఒక్కదే విప్పించారు అని. నోరు తెరవబోయి ఆ గొట్టం వైపు చూశా. అది నా మోకాలి దగ్గరే ఉంది. పక్కన కూర్చున్న ముసలాయన నా చెయ్యి నొక్కాడు, ఊరుకో నాయనా అని. మీలో ఎంతమందికి ఇలా జరిగిందో నాకు తెలుసు, మీరు చెప్పుకోకపోయినా. మీరు అడుగుతున్న గన్‌మేన్ ఫోన్ దొంగ వచ్చిన రోజు ఉంటాడో లేడో గానీ, సంచి విప్పించే రోజు మాత్రం తప్పకుండా ఉంటాడు.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో ఓక్లాండ్ అనే ఊళ్లో, 2009 జనవరి 1 తెల్లవారుజామున, మెట్రో లాంటి బార్ట్ రైలు నుంచి కొంతమంది కుర్రాళ్లని ప్లాట్‌ఫాం మీదికి దింపారు, బండిలో గొడవ జరిగిందని. వాళ్లలో ఆస్కార్ గ్రాంట్ అనే 22 ఏళ్ల నల్లజాతి యువకుడు ఉన్నాడు. అతన్ని బోర్లా పడేసి పట్టుకున్నారు. ఆ స్థితిలో రైల్వే పోలీసు ఒకడు వీపులో కాల్చాడు. కరెంటు షాకిచ్చే టేజర్ తీయబోయి పొరపాటున పిస్టల్ తీశానని కోర్టులో చెప్పాడు. రెండేళ్ల శిక్ష పడింది. పొరపాటే అనుకుందాం, నేను కాసేపు నమ్ముతా. నడుముకి పిస్టల్ లేకపోతే ఆ పొరపాటు జరగడానికి చోటే లేదు కదా.

సరే, మరి ఫోన్ పోయిన చెల్లెలి సంగతేంటి? ఆ ప్రశ్న ఎగ్గొట్టను. కేరళలో 2011 ఫిబ్రవరి 1న ఎర్నాకుళం నుంచి షొర్నూర్ వెళ్లే ప్యాసింజర్‌లో ఒక 23 ఏళ్ల అమ్మాయి మీద దాడి జరిగింది. ఆడవాళ్ల బోగీలో ఒంటరిగా ఉంది. ఆమె చనిపోయింది. అక్కడ లేనిది తుపాకి కాదు, మనిషి. ఒక్క మనిషి, లాఠీతోనో విజిల్‌తోనో, ఆ బోగీ గుమ్మం దగ్గర నిలబడి ఉంటే చాలు. ఆడ కానిస్టేబుల్ అయితే ఇంకా మేలు. 139 నంబర్ కొడితే తర్వాతి స్టేషన్‌లో ఎవరైనా బోగీ దగ్గరికొచ్చి నిలబడతారన్న నమ్మకం ఉంటే చాలు. మన లైన్లో సగం దూరం సిగ్నలే ఉండదు, 139 ఎక్కడ కొడతాం? దాని గురించి ఎవరూ తీర్మానం రాయలేదు. బొర్రా గుహలు, అరకు అని టూరిస్టులకి అద్దాల బోగీ పెట్టారు. మన జనరల్ బోగీలో రాత్రి లైట్లు వెలగవు. మీటింగులో అది ఎత్తితే నేను రెండు చేతులూ ఎత్తేవాణ్ణి.

టీటీఈ దగ్గర తుపాకి లేదు. బండిలో అందరికంటే ఎక్కువ గొడవపడేది ఆయనే. మన ఏజెన్సీ బస్సు కండక్టర్ దగ్గర తుపాకి లేదు. ఆఖరి ట్రిప్పులో క్యాష్ బ్యాగు పట్టుకుని, తాగినవాళ్లని దింపుతూ, ఘాట్ రోడ్డులో రాత్రిపూట తిరుగుతాడు. ఇన్నేళ్లుగా వాళ్లు మాటతోనే నెట్టుకొస్తున్నారు. జనం కూడా వాళ్ల మీద చెయ్యి వేస్తే ఊరుకోరు. బోగీలో గార్డు కూడా అలా ఉండాలని నేను అడుగుతున్నా: చేతిలో లాఠీ, వైర్‌లెస్ సెట్, చొక్కాకి కెమెరా, పేరు కనిపించే బ్యాడ్జి. ఒంటరిగా కాకుండా ఇద్దరిద్దరు. ఎనిమిది గంటలు దాటితే దిగిపోయే హక్కు, బాగోలేదంటే మారు మాట లేకుండా దించేసే రూలు. ఆయుధాలు స్టేషన్‌లో తాళం వేసిన గదిలో, తీయాలంటే కారణం రాసి తీసేలా. ఫలానా రూట్‌లో ఫలానా రోజు నిజంగా ముప్పు ఉందంటే, శిక్షణ ఉన్న దళాన్ని పంపండి, ప్రయాణికుల మధ్యన కూర్చోబెట్టకుండా వేరే బోగీ ఇవ్వండి. ఆటోమేటిక్ రైఫిల్ మాత్రం ఏ రోజూ ప్రయాణికుల బోగీలోకి రాకూడదు.

"లాఠీతో ఉన్న గార్డుని దొంగలు చంపేస్తే?" అని అడిగారు ఒకరు. భయం నిజమే. జమూయిలో చనిపోయిన జవానుకి తుపాకి రక్షణ అయ్యిందా? పాల్‌ఘర్ దగ్గర ఏఎస్సైకి ఎదుటివాడి చేతిలో రైఫిల్ లేకపోతే ప్రాణం ఉండేది. గార్డు బతకాలంటే తోడు ఉండాలి, రెస్ట్ ఉండాలి, పిలిస్తే పలికే స్టేషన్ ఉండాలి. వీటికి డబ్బు ఖర్చవుతుంది, రోజూ కష్టపడాలి. తుపాకి ఇవ్వడం తేలిక, ఫొటోలో బాగా కనబడుతుంది. అందుకే ఇస్తున్నారు.

ఇదంతా ఎందుకింత పట్టుకుని రాశానంటే, 2024లో ఆర్పీఎఫ్ 4208 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది. మన ఊళ్లల్లో ఎంతమంది అప్లై చేశారో మీకు తెలుసు. తెల్లారుజామున కాలేజీ గ్రౌండ్‌లో పరుగెత్తిన పిల్లలంతా దానికోసమే. మా చిన్నాన్న కొడుకూ రాశాడు. ఉద్యోగం వస్తే మా ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం అదే. వద్దని నేను అనను, అనే హక్కు కూడా నాకు లేదు. ఈమధ్య ఇంటికెళ్తే వాడు ఫోన్‌లో రైఫిల్ పట్టుకున్న జవాను ఫొటో వాల్‌పేపర్ పెట్టుకున్నాడు. వాడికి ఆ జైపూర్ బండి కథంతా చెప్పా. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ఆ ఏఎస్సై ప్లేస్‌లో నేనుంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

నాకు తెలిసింది చెప్పా. నీ కింద మనిషి బాగోలేదంటే పైవాడు ఏమన్నా సరే తర్వాతి స్టేషన్‌లో దింపెయ్, మెమో ఇస్తే తీసుకో. నీకే బాగోలేకపోతే రిజిస్టర్‌లో ఆ మాట రాసి, ఆయుధం తీసుకోనని అక్కడే సంతకం పెట్టు. అలా రాసే గడి రిజిస్టర్‌లో ఉంటుందా అని అడిగాడు వాడు.

వచ్చే మీటింగులో పాత తీర్మానం పక్కన పెట్టి, ఆ గడి కోసం ఒక కొత్తది రాద్దాం. రాత కాగితం నేను తెస్తా. బస్సు టైమ్‌కి ముందే మొదలుపెడదాం ఈసారి.